ఆ మాట ఎవరు చెప్పారు? పాతనగరపు నమ్మకాల వెంట ఒక నడక

హైదరాబాదు పాతనగరంలో కథ లేని రాయి కనిపించదు. చార్మినార్ కమానుల కింద యాత్రికులను పోగుచేసుకున్న గైడు ఒక కథ చెబుతాడు. లాడ్ బజారులో గాజులమ్మే వృద్ధుడు మరొకటి చెబుతాడు. మక్కా మసీదు ఆవరణలో పావురాలకు గింజలు వేస్తున్న తల్లి తన పిల్లలకు ఇంకొకటి వినిపిస్తుంది. ప్రతి కథలోనూ ఒక సుల్తానో, ఒక మొక్కుబడో, ఒక అద్భుతమో ఉంటుంది. వినేవారు తలలూపి ముందుకు సాగుతారు. ఈ కథ ఎక్కడ పుట్టింది, మొదట ఎవరి నోట వెలువడింది అని నిలబడి అడిగేవారు అరుదు. పెద్దల మాటను ప్రశ్నించడం అమర్యాద అన్న భావం మన ఇళ్లలో బలంగా పాతుకుపోయింది.

నిజానికి ఈ ప్రశ్న మన సంప్రదాయానికి కొత్తది కాదు. మహాప్రవక్త ముహమ్మద్ (స) ప్రవచనాలను సేకరించిన పండితులు మాటతో పాటు దాన్ని మోసుకొచ్చిన మనుషులను కూడా పరిశీలించారు. ఉల్లేఖకుడు ఎక్కడ నివసించాడు, ఎప్పుడు మరణించాడు, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, తన గురువుగా చెప్పుకున్న వ్యక్తిని అతను నిజంగా కలిసే అవకాశం ఉన్నదా లేదా అని విచారించారు. ఇందుకోసం ఒక ప్రత్యేక శాస్త్రమే రూపుదిద్దుకుంది. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసును దాన్ని నేరుగా విన్నవారి నోట వినడానికి ఒంటెను కొని, నెల రోజులు ప్రయాణించి, షామ్ దేశంలో ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి)ను కలుసుకున్నారు. నమ్మదగనివాడు వార్త తెచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలని దివ్య ఖుర్ఆన్ 49వ సూరా 6వ ఆయతు ఆదేశిస్తుంది. విచారించకపోతే తెలియకుండానే ఇతరులకు హాని చేసి, తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని కారణం కూడా అక్కడే తెలుపుతుంది.

జానపద కథకు హదీసుకున్నంత కఠినమైన తూకం అవసరం లేకపోవచ్చు. కథను కథగా విని ఆనందించవచ్చు. అయితే కథ నమ్మకంగా మారి, నమ్మకం ఆచారంగా స్థిరపడి, ఆ ఆచారం ఇంట్లో ఒకరి జీవితాన్ని శాసించే స్థితికి వచ్చినప్పుడు మాత్రం దాని పుట్టుక తెలుసుకోక తప్పదు. ఆ దృష్టితో ఒక పూట పాతనగరంలో నడిచి చూద్దాం.

నది ఒడ్డున రెండు కథలు

మూసీ నదిపై పురానాపుల్ 1578లో ఇబ్రాహీం కులీ కుతుబ్‌షా కాలంలో నిర్మితమయింది. దీని గురించి నగరవాసులు చెప్పే కథ అందరికీ తెలిసినదే. యువరాజు ముహమ్మద్ కులీ ఉప్పొంగే నదిని గుర్రంపై దాటి, అవతలి ఒడ్డున చిచ్‌లం గ్రామంలో ఉన్న భాగమతిని చూడబోయేవాడట. కుమారుని ప్రాణాలకు ముప్పు వస్తుందని బెదిరిన తండ్రి ఈ వంతెన కట్టించాడట.

ఇక్కడ మనకు కావలసింది చిన్న తీసివేత లెక్క మాత్రమే. ముహమ్మద్ కులీ 1565లో జన్మించాడు. అంటే వంతెన పూర్తయ్యేనాటికి అతని వయస్సు 13 సంవత్సరాలు. రాతి వంతెన ఒక్క ఏడాదిలో లేచేది కాదు కనుక, పని మొదలయ్యేనాటికి అతడు ఇంకా చిన్నవాడు. గోల్కొండ వంటి రద్దీ రాజధానికి నది అవతలి దారులతో, వర్తకంతో ఉన్న అవసరమే వంతెనకు చాలిన కారణం.

భాగమతి కథ నిన్న మొన్న పుట్టినది మాత్రం కాదు. బీజాపూరులో పారసీక భాషలో చరిత్ర రాసిన ఫరిష్తా, ముహమ్మద్ కులీకి సమకాలికుడే. ఆయన గ్రంథంలో భాగమతి, భాగ్‌నగర్ ప్రస్తావనలు ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దంలో కుతుబ్‌షాహీల చరిత్రను సమగ్రంగా రాసిన ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను అంగీకరించలేదు. అంగీకరించిన చరిత్రకారులూ ఉన్నారు. దీని నుంచి మనం గ్రహించవలసింది ఒకటుంది. పాతదైనంత మాత్రాన కథ నిజం కాజాలదు. చెప్పినవాడు ఆ కాలంలో ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న. ఆ చోటులో ఉన్నాడా, తాను చూశాడా, విన్నాడా అన్నవి దాని వెంట రావలసిన ప్రశ్నలు.

నది వెంట కిందికి నడిస్తే అఫ్జల్‌గంజ్ వస్తుంది. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి మహావరద వచ్చినప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలను పట్టుకొని బతికారని చెబుతారు. ఒక్క చెట్టు 150 ప్రాణాలను కాపాడిందంటే మొదట వినడానికి ఇదే అన్నింటికన్నా అతిశయోక్తిలా తోస్తుంది. కాని ఈ కథ వెనుక తేదీ ఉంది, స్థలం ఉంది, చెట్టు ఇంకా నిలిచి ఉంది, బతికి బయటపడిన మనుషులు తమ పిల్లలకు చెప్పిన మాట ఉంది. ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ వంటి పేరున్న సాక్షులు ఆ రోజు గురించి రాసిపెట్టారు. కనుక ఆశ్చర్యం కలిగించే ప్రతి మాటా అబద్ధమని తోసివేయడం కూడా విచారణ అనిపించుకోదు. సాక్ష్యం ఉన్నచోట అంగీకరించడమే న్యాయం.

చార్మినార్: ఏడాది తెలుసు, కారణం?

నయాపుల్ దాటి దక్షిణంగా నడిస్తే చార్మినార్ ఎదురవుతుంది. దీన్ని 1591లో, అంటే హిజ్రీ 1000లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించాడు. నగరంలో ప్రబలిన మహమ్మారి తొలగిపోయినందుకు కృతజ్ఞతగా కట్టించాడన్నది ప్రచారంలో ఉన్న కథ. పాఠశాల పిల్లవాడిని అడిగినా ఇదే చెబుతాడు.

నిర్మాణ సంవత్సరాన్ని 'యా హాఫిజ్' అన్న పిలుపులో ఇమిడ్చి చెప్పే సంప్రదాయం ఒకటి ఉంది. ఓ సంరక్షకుడా అని దీనికి అర్థం. అరబీ అక్షరాలకు అబ్జద్ పద్ధతిలో అంకెలున్నాయి. 'యా'లో యే 10, అలిఫ్ 1. 'హాఫిజ్'లో హే 8, అలిఫ్ 1, ఫే 80, జో 900. మొత్తం కూడితే సరిగ్గా 1000. ఇంట్లో పిల్లలతో కూర్చొని ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఈ లెక్క ఏడాదిని చక్కగా నిర్ధారిస్తుంది. కారణాన్ని మాత్రం నిర్ధారించదు. వ్యాధి నుంచి రక్షించినవానికి కృతజ్ఞతగా ఈ పిలుపును ఎంచుకున్నారని కొందరంటారు. హిజ్రీ శకంలో వెయ్యేళ్లు నిండుతున్న వేళ, గోల్కొండ కోట జనంతో కిక్కిరిసి నీటి ఎద్దడి పెరిగిన వేళ, కొత్త రాజధానికి పునాది వేసిన సుల్తాను దాని రక్షణ కోరుతూ ఈ పిలుపును ఎంచుకున్నాడని అనడానికీ అంతే వీలుంది. జానపద నమ్మకాలు ఎక్కువగా ఇలాంటి సందులోనే పుడతాయి. ఒక వాస్తవం గట్టిగా నిలబడి ఉంటుంది. దాని పక్కన ఖాళీ ఉంటుంది. మనసు ఖాళీని ఓర్చుకోలేక ఒక కారణాన్ని అల్లుతుంది. కొన్ని తరాల తరువాత వాస్తవం ఏదో, అల్లిక ఏదో విడదీయడం కష్టమవుతుంది.

మక్కా మసీదు ఆవరణలో

చార్మినార్ పక్కనే మక్కా మసీదు ఉంది. సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్‌షా 1617లో ప్రారంభించిన ఈ కట్టడం 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. నమాజు ఎన్నడూ తప్పనివారు ఎవరైనా ఉంటే వచ్చి పునాదిరాయి వేయవలసిందిగా సుల్తాను కోరాడనీ, ఒక్కరూ ముందుకు రాకపోవడంతో తానే వచ్చి వేశాడనీ కథ.

వింటే హృదయం ఉప్పొంగుతుంది. అయితే దాదాపు ఇదే కథను ఢిల్లీలో కూడా చెబుతారు. హజ్రత్ ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో మరణించినప్పుడు, కొన్ని నమాజులు జీవితంలో ఎన్నడూ తప్పనివారే తన జనాజా నమాజు చేయించాలని కోరి ఉన్నారట. అందరూ మౌనంగా నిలబడిపోగా సుల్తాన్ ఇల్తుత్‌మిష్ కన్నీళ్లతో ముందుకు వచ్చాడట. రెండు నగరాలు, ఇద్దరు సుల్తానులు, మధ్యలో దాదాపు నాలుగు వందల ఏళ్లు. కథ ఎముకల గూడు మాత్రం ఒక్కటే. కథలు కూడా బాటసారుల వంటివే. చోటు మారినప్పుడు దుస్తులు మార్చుకుంటాయి. రెండు కథలూ మనకు చెప్పదలచుకున్న నీతి ఒకటే: అధికారంలో ఉన్నవాడు రహస్యంగా దైవభీతి కలవాడై ఉండాలి. ఆ నీతిని స్వీకరించడానికి కథను చరిత్రగా నమ్మవలసిన అవసరం లేదు.

కొలను చివర రాతి బల్లలున్నాయి. వాటిపై కూర్చున్నవారు మళ్లీ హైదరాబాదు వచ్చి తీరతారని నమ్మకం. యాత్రికులు నవ్వుకుంటూ కూర్చొని లేస్తారు. ఈ నమ్మకం ఇన్నాళ్లూ ఎలా బతికిందో ఆలోచిస్తే ఎన్నో నమ్మకాల గుట్టు విప్పినట్టే. తిరిగివచ్చినవాడు బల్ల దగ్గర నిలబడి, "చూశారా, నిజమైంది" అంటాడు. తిరిగిరానివాడు ఆ మాట తప్పని చెప్పడానికి అక్కడ ఉండడు. ఎల్లప్పుడూ ఒక పక్షం సాక్షులే హాజరయ్యే న్యాయస్థానం ఇది. ఈ బల్ల వల్ల ఎవరికీ నష్టం లేదు. అదే తీరు సాక్ష్యంతో నిలబడిన మరో నమ్మకం సంగతి వేరు.

ఆసఫ్‌జాహీ పాలకుల సమాధులు ఇదే ఆవరణలో ఉన్నాయి. 1869 నుంచి 1911 వరకు పాలించిన ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా సమాధి వాటిలో ఒకటి. ఆయన పేరు చెప్పి 'దుహాయీ' అంటే పాముకాటు విషం దిగిపోతుందని ప్రజలు నమ్మేవారు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టినా బాధితుని కోసం నిద్ర లేచేవాడని చెప్పుకుంటారు. ఆ కాలపు పల్లెలను తలచుకుంటే ఈ నమ్మకం పుట్టుక అర్థమవుతుంది. విషానికి విరుగుడు మందును శాస్త్రజ్ఞులు కనిపెట్టిందే 1890వ దశకంలో. పొలంలో కాటు తిన్న రైతుకు అది అందే దారి లేదు. వైద్యం లేనిచోట దయగల పాలకుని పేరే వైద్యమయింది.

మరి పేరు చెప్పగానే బాగుపడినవారి మాటేమిటి? మన దేశంలోని పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. త్రాచు, కట్లపాము, రక్తపింజర వంటి విషసర్పాలు కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కాటేస్తాయి. అటువంటి కాటుకు ఏ పేరు చెప్పినా, ఏమీ చెప్పకపోయినా మనిషి బతుకుతాడు. విషం ఎక్కినవానికి మాత్రం ప్రతి నిమిషం విలువైనది. మంత్రం కోసం, తాయెత్తు కోసం తిరిగిన సమయమంతా ఆసుపత్రికి చేరవలసిన సమయమే. నేడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో విరుగుడు మందు ఉన్నప్పుడు, 1890 నాటి నిస్సహాయత నుంచి పుట్టిన నమ్మకాన్ని పట్టుకు వేలాడడం ఆ దయగల పాలకునికి కూడా గౌరవం కాదు.

ఏడు కుల్చాలు

మసీదుకు దగ్గరలోనే చౌమహల్లా ప్యాలెస్ ఉంది. ఆసఫ్‌జాహీల పసుపుపచ్చ జెండా మధ్య తెల్లని వలయం ఉంటుంది. అది కుల్చా రొట్టె అని అందరూ చెబుతారు. మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ ఖాన్ ఆకలిగా వచ్చి ఒక సూఫీ గురువు ముందు ఏడు కుల్చాలు తిన్నాడనీ, ఏడు తరాలు రాజ్యం చేస్తావని ఆ గురువు దీవించాడనీ కథ. 1948 సెప్టెంబరులో ఏడవ నిజాంతో ఆ రాజ్యం ముగిసింది కనుక జోస్యం ఫలించిందంటారు.

ఆ వలయం చందమామ అని, ఖమరుద్దీన్ పేరులోని 'ఖమర్' అంటే చంద్రుడే కదా అని మరికొందరి వివరణ. ఇక అంకె విషయం. తండ్రి నుంచి కొడుకుకు తరాలను లెక్కిస్తే ఏడే. సింహాసనం ఎక్కినవారిని లెక్కిస్తే పది మంది. 1748 నుంచి 1762 మధ్య పాలించిన నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్‌లను ఏడుగురి వరుసలో చేర్చరు. ఏ లెక్క తీసుకోవాలో కథే నిర్ణయిస్తోంది. ఇటువంటి జోస్యాన్ని విన్నప్పుడు అడగవలసిన ప్రశ్న, అది ఫలించకముందే ఎవరైనా రాసిపెట్టారా అన్నది. సంఘటన జరిగిన తరువాత చెప్పే జోస్యం ఎన్నడూ తప్పు కాదు.

బజారు నుంచి ఇంట్లోకి

లాడ్ బజారులో పెళ్లి గాజులు, జరీ దుస్తులు, మెహందీ కొనడానికి రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ కుటుంబాలు వస్తాయి. నగరపు కథలు మన ఇంటి ఆచారాలతో కలిసేది ఇక్కడే. సఫర్ మాసం మొదటి 13 రోజులను దక్కన్‌లో 'తేరా తేజీ' అంటారు. ఆ రోజుల్లో పెళ్లి పెట్టుకోరు, కొత్త పని మొదలుపెట్టరు. పదమూడవ రోజున గుడ్లు, నూనె, ధాన్యం పేదలకు ఇస్తే కీడు తొలగుతుందని నమ్మకం. మహాప్రవక్త (స) ఆ 13 రోజులు తీవ్ర అస్వస్థులై ఉన్నారని ఇందుకు కారణం చెబుతారు.

ఈ ఆచారానికి పాత లిఖిత సాక్ష్యమే ఉంది. ఏలూరు ప్రాంతానికి చెందిన జాఫర్ షరీఫ్, దక్కన్ ముస్లింల ఆచారాలను పుట్టుక నుంచి మరణం వరకు ఓపికగా నమోదు చేశారు. ఆ గ్రంథం 'ఖానూనె ఇస్లాం' పేరుతో హెర్క్‌లాట్స్ ఆంగ్లానువాదంగా 1832లో లండన్‌లో వెలువడింది. అందులో తేరా తేజీకి ప్రత్యేక వర్ణన ఉంది. కనుక ఈ ఆచారం మన నేలపై దాదాపు రెండు శతాబ్దాలుగా ఉందని నిశ్చయంగా చెప్పవచ్చు. దాని కారణాన్ని మాత్రం ప్రవక్త జీవిత చరిత్రతో సరిపోల్చి చూడాలి. ఆయన అంతిమ అస్వస్థత హిజ్రీ 11వ సంవత్సరం సఫర్ చివరి రోజుల్లో మొదలయిందనీ, రబీవుల్ అవ్వల్‌లో పరమపదించారనీ చరిత్రకారులు నమోదు చేశారు. మొదటి 13 రోజులకు ఆ అస్వస్థతతో సంబంధం కుదరదు. పైగా సఫర్‌ను అశుభంగా ఎంచే అరబ్బుల పాత భావనను ప్రవక్త (స) స్వయంగా కొట్టివేసినట్లు బుఖారీ హదీసుల్లో ఉంది. అంటే ఆయన తొలగించిన భయాన్ని ఆయన పేరుతోనే మళ్లీ నిలబెట్టుకున్నామన్నమాట. పేదలకు గుడ్లు, నూనె పంచడం మంచిదే. దానికి 13వ తేదీ కోసం ఆగనక్కరలేదు.

నష్టం తేదీలతో ఆగిపోదు. ఆ రోజుల్లో పెళ్లయిన ఇంట్లో ఏ కష్టం వచ్చినా వేలు కొత్త కోడలి వైపు చూపుతుంది. "ఆమె అడుగుపెట్టిన వేళే మంచిది కాదు" అన్న మాటకు సాక్షి ఎవరూ అక్కర్లేదు, అప్పీలు కూడా లేదు.

గ్రహణం సంగతీ ఇంతే. గర్భిణి గ్రహణం వేళ కత్తి పట్టి కూరగాయ కోస్తే బిడ్డకు పెదవి చీలుతుందన్న భయం మతభేదం లేకుండా మన పల్లెల్లో ఉంది. 'గ్రహణం మొర్రి' అన్న తెలుగు పేరులోనే ఆ నమ్మకం స్థిరపడింది. బిడ్డ పై పెదవి గర్భం దాల్చిన 4 నుంచి 7 వారాల మధ్యనే రూపుదిద్దుకుంటుంది. ఏడవ నెలలో వచ్చిన గ్రహణం దాన్ని చీల్చజాలదు. అయినా అలాంటి బిడ్డ పుట్టినప్పుడు, శస్త్రచికిత్సతో సరిచేయగల లోపానికి, "ఆ రోజు నువ్వేం చేశావు?" అని తల్లిని నిలదీసే ఇళ్లున్నాయి.

ఒక నమ్మకం పుడుతుండగానే ఆపివేసిన ఉదంతం మన ముందుంది. క్రీ.శ. 632 జనవరిలో మహాప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని కోసం ఆకాశమే శోకిస్తోందని ప్రజలు అనుకున్నారు. వారి ఉద్దేశం ప్రేమే. దుఃఖంలో ఉన్న తండ్రికి ఆ మాట ఓదార్పుగా ఉండేది. ఆయన మౌనంగా ఉన్నట్లయితే అది శాశ్వతమైన గాథగా నిలిచేది. ఆయన మౌనంగా ఉండలేదు. నమాజు చేయించి, సూర్యచంద్రులు దైవ సూచనలనీ, ఎవరి మరణం కోసమో జననం కోసమో వాటికి గ్రహణం పట్టదనీ ప్రజలకు స్పష్టం చేశారు. తన పట్ల ప్రేమతో అల్లిన కథను సైతం సత్యం కోసం తిరస్కరించిన ఆదర్శమది.

ఆ ఆదర్శాన్ని మన ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. నానీ, దాదీ చెప్పే ప్రతి కథనూ ప్రేమతో వినండి. ఒక పుస్తకంలో రాసుకోండి. కథ పక్కన ఆమె ఎవరి నుంచి విన్నదో, ఏ ఊళ్లో, సుమారుగా ఏ సంవత్సరంలో విన్నదో కూడా రాయండి. "ఈ మాట మీకు ఎవరు చెప్పారు దాదీ?" అని మనవరాలు అడిగితే దాదీ నొచ్చుకోరు. తమ తల్లి గురించి, తాము పెరిగిన ఊరి గురించి, వరదల గురించి, కరువుల గురించి చెప్పడం మొదలుపెడతారు. ఆ కథలు అలా భద్రమవుతాయి. వాటిలో ఎవరిని భయపెట్టేవి ఉన్నాయో, ఎవరిపై నింద మోపేవి ఉన్నాయో కూడా అక్కడే తేలిపోతుంది. అటువంటివి పుస్తకంలో ఉండనివ్వండి. పెళ్లి తేదీ నిర్ణయించేటప్పుడు, గర్భిణిని పలకరించేటప్పుడు, పాముకాటు తిన్నవానిని బండి ఎక్కించేటప్పుడు మాత్రం వాటి సలహా అడగకండి.